మొదటి నీళ్ళు

ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడ్డానికి వేలు తడి చేసుకుని అంటించడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. సుయ్‌మంటే చాలు. ఇవాళ ఒకసారి అంటించింది, మళ్ళీ అంటించింది, మూడోసారి వేలు చురుక్కుమన్నాక గానీ తెలియలేదు తన చెవి ఇక్కడ లేదని, గోడకవతల ఉందని. కతోలిక గుడిలో పీఠం వెనక, పూజ వస్త్రాలుంచే గది ఇది. ఒక పొడుగాటి బల్ల, ఒక బీరువా, గోడలో చిన్న తొట్టి, పడమటి కిటికీ. ఆ తలుపు అవతల గుడి పెద్దలు కూర్చుని మాట్లాడుకునే సంఘం గది. శనివారం నాలుగు దాటింది, ఎండ బల్ల మీదికి ఒక జానెడు వచ్చింది, అది ఇస్త్రీపెట్టె తీగను చేరేసరికి ఐదవుతుంది, ఐదింటికి ఆమెను లోపలికి పిలుస్తారు. 'అక్కడే ఉండండమ్మా, మీ మాట చివర్లో వింటాం' అన్నాడు కంపౌండరు. కుర్చీలు లాగుతున్నప్పుడు ఏ చప్పుడు ఎవరిదో ఆమె చెప్పగలదు. కీచుమన్నది కంపౌండరుది, కూర్చునే ముందు ఆయన కుర్చీని అటూ ఇటూ ఊపుతాడు, మందు సీసాని ఊపినట్టు. ధబ్‌మన్నది లెక్కల మాస్టారుది. అసలు చప్పుడే చెయ్యనిది తన తోడికోడలిది, ఇంటి చిన్నకోడలిది. చప్పుడు కాకుండా కూర్చోవడం కూడా ఆ పిల్లకి వచ్చు. అదీ వచ్చు.

బల్ల సొరుగులో, తెల్లగుడ్డల అడుగున, ఒక గుడ్డ ఉంది. దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ ముందు పరిస్తే రేపు ఆదివారం ఆ పిల్ల బైబిలు పఠనం చదవడానికి మైకు దగ్గరికి రాదు. రేపే కాదు, ఇంకెప్పుడూ రాదు. ఈ సంగతి ఇస్త్రీపెట్టెకి తెలుసు, సొరుగుకి తెలుసు, ఆమెకి తెలుసు.

ఆమెను గుడిలో అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ముప్ఫై ఏళ్ళుగా పీఠం గుడ్డలు ఆమె చేతిలోంచే వెళ్తున్నాయి. పూజ పాత్ర కింద పరిచే నలుచదరం గుడ్డని తొమ్మిది గళ్ళు వచ్చేట్టు లోపలివైపుకే మడవాలి, రొట్టె తునక పడితే ఆ మడతల్లోనే ఉండాలి. పాత్ర తుడిచే గుడ్డని నిలువునా మూడు మడతలు. ఎన్ని మడతలన్నది ఎవరైనా చూసి నేర్చుకుంటారు, ఉతకడం దగ్గరే ఉంది అసలు విద్య. పాత్రలో ఉన్నది ద్రాక్షరసం కాదు, ప్రభువు రక్తం అని కదా నమ్మకం. దాన్ని తుడిచిన గుడ్డని తీసుకెళ్ళి బకెట్లో పడెయ్యకూడదు. ముందు ఒట్టి నీళ్ళలో నానబెట్టాలి, ఆ మొదటి నీళ్ళు మురుగులోకి పోకూడదు, గోడలో ఉన్న ఈ చిన్న తొట్టిలో పొయ్యాలి, దీని గొట్టం ఏ కాలువలోనూ కలవదు, తిన్నగా పునాది పక్కన మట్టిలోకి దిగుతుంది. ఆ తర్వాతే సబ్బు. ఈ మాట ఆమెకు అమ్మ చెప్పింది, అమ్మకు నాన్న చెప్పాడు, నాన్న ఈ గుడికి నలభై ఏళ్ళు ఉపదేశి, పూజలో ఫాదర్ గారికి తోడుండి జనానికి జపాలు నేర్పేవాడు. సొరుగులో ఉన్న గుడ్డకి మొదటి నీళ్ళు లేవు. దానికి వాషింగ్ మెషీనే దిక్కయింది. మరిది వర్క్‌షాపు యూనిఫారంతో కలిసి గిరగిరా తిరిగింది, యూనిఫారం నీలం, గుడ్డకి ఇప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకి లేత నీలం పాకి ఉంది, మబ్బు పట్టిన ఆకాశంలాగా. చూడ్డానికి అందంగా ఉందని కూడా అనిపించింది ఒక్క క్షణం, తన మీద తనకే కోపం వచ్చింది.

అవతల కంపౌండరు గొంతు పైకి లేచింది. రిటైరైనప్పటి నుంచి ఆయనకు ఫోనే ఆసుపత్రి, వీడియోలే రోగులు, ఒక్కోదాన్ని మూడేసి సార్లు చూసి రోగం పేరు రాసుకుంటాడు. ఆయన ఫాదర్ గారికి రాసిన విన్నపంలో ఏడు అంశాలు. పీఠం మళ్ళీ గోడ వైపు తిరగాలి. పీఠం ముందు చెక్క కటకటాలు తిరిగి పెట్టాలి. మోకాళ్ళ మీద, నాలుక మీదే ప్రసాదం తీసుకోవాలి. అవతలి ప్రొటెస్టెంటు చర్చి పుస్తకంలోని పాటలు ఆపాలి. పూజ మధ్యలో చేతులు కలుపుకోవడం ఆపాలి. నెలకొక ఆదివారమైనా లాటిను పూజ ఉండాలి. ఏడోది, పఠనాలు మగవాళ్ళే చదవాలి, అదీ పుట్టుకతో మన గుడిలో జ్ఞానస్నానం పొందినవాళ్ళే.

"ఆరుగురు," అంటున్నాడు కంపౌండరు, "ఆరుగురు ప్రొటెస్టెంటోళ్ళు కూర్చున్నారండీ ఆనాడు రోములో, మన పూజని మారుస్తుంటే. ఫోటో కూడా ఉంది, కావాలంటే చూపిస్తా."

"కూర్చున్నారు. రాయలేదు," లెక్కల మాస్టారు. "మా క్లాసులో ఇన్‌స్పెక్టరు కూర్చుంటే పాఠం ఆయన చెప్పినట్టా?"

"ఇన్‌స్పెక్టరు కూర్చున్న రోజు నువ్వు రోజూ చెప్పినట్టే చెప్తావా మాస్టారూ? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు!"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. అందులో ఆ పిల్ల నవ్వు కూడా వినిపించింది, చిన్నగా, నీళ్ళు పొంగి మూత కదిలినట్టు, ఆమె పంటి కింద రాయి పడ్డట్టయింది. నీ గురించేనే వాళ్ళు మాట్లాడుకుంటున్నది, నీ పుట్టుక గురించే, ఎలా నవ్వొస్తోంది నీకు. ఫాదర్ గారు మెల్లిగా అంటున్నాడు, ఈయన చిన్నవాడు, కోపం తెచ్చుకోవడం ఇంకా అలవాటు కాలేదు, వాళ్ళ దగ్గర తెచ్చుకున్నామని మీరంటున్నవాటిలో చాలా భాగం వాళ్ళు పుట్టకముందు మనవే, పాత పుస్తకాల దుమ్ము దులిపి తెచ్చుకున్నాం అంటున్నాడు. కంపౌండరు ఊరుకోలేదు. మరి బలి అన్న మాట తగ్గించి భోజనం అన్న మాట ఎందుకు పెంచారు ఫాదర్, ఎవరికి గిట్టదని తగ్గించారు. తగ్గించలేదు, నిన్నటి పూజలో కూడా విన్నారు మీరు. విన్నాను, చెవి పెట్టి వెతుక్కుంటే వినిపించింది. అదీ ఇదీ కాదు, ఉపదేశి గారు బతికుంటే ఇవన్నీ ఒప్పుకునేవారా, ఆయన కూతురు పక్కగదిలోనే ఉంది, అడుగుదాం.

నాన్న ఒప్పుకునేవాడా. ఆమె గుడ్డ మీద నీళ్ళు చిలకరించింది. ఆ ఆరుగురి సంగతి ఆమెకు తెలియదు. వాళ్ళు ఏ బల్ల దగ్గర కూర్చున్నారో, కాఫీ తాగారో టీ తాగారో తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కతే, ఈ చిన్నకోడలు. ఇరవై ఏళ్ళ కిందట అవతలి చర్చి నుంచి తమ ఇంటికి నడిచి వచ్చింది, మరిది వెనకాల, ఒక సూట్‌కేసు, ఒక బైబిలు. బైబిలు అట్ట ఊడిపోయి ఉంది. అంతలా చదివిందన్నమాట. తమ ఇంటి బైబిలు అద్దాల బీరువాలో ఉండేది, అట్ట కొత్తగా. ఆ పిల్ల పెళ్ళికి ముందు ఈ గుడికి మారింది, అడిగినవన్నీ నేర్చుకుంది, జపమాల పట్టుకోవడం, మోకాలు వంచడం, చేత్తో సిలువ వేసుకోవడం. అన్నీ నేర్చుకుంది. కానీ కథ చెప్పమంటే చాలు, ఏ ప్రవక్త ఎవరి కొడుకో, ఎవరు ఎవరితో ఎక్కడ గొడవపడ్డారో, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పేది, అత్తగారు పని మానేసి కూర్చుని వినేది. 'నువ్వు ఉపదేశి కూతురివి కదే, నీకు తెలీదా ఇవన్నీ?' అని అత్తగారు ఒకసారి మాటవరసకే అడిగింది. ఆ మాట ఆమె లోపల ఇప్పటికీ కూర్చుని ఉంది, లెమ్మన్నా లేవదు.

నాకు తెలుసత్తయ్యా. ఏ పండగకి ఏ రంగు వస్త్రమో తెలుసు, ఏ కొవ్వొత్తి ముందు వెలిగించాలో తెలుసు, ఏది ముందు ఆర్పాలో తెలుసు. ఇవన్నీ నోటితో చెప్పేవి కావు. చేసేవి.

ఇస్త్రీపెట్టె గుడ్డ మీద ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది. ఆరేళ్ళ కిందట, పాత ఫాదర్ గారి కాలంలో, ఆడవాళ్ళు కూడా పఠనం చదవాలన్నప్పుడు అందరూ అన్న మాట ఒక్కటే, ముందు ఇస్త్రీ అక్కే చదవాలి, ఉపదేశి గారి కూతురు. వారం రోజులు పొయ్యి ముందు నిలబడి చదువుకుంది. పప్పు మాడిపోయినా చదువుకుంది. ఆమె భర్త భోజనం దగ్గర నవ్వాడు, మాడిన పప్పుక్కూడా పఠనం వచ్చేసిందిలే అని. ఆదివారం వచ్చింది, మైకు ముందు నిలబడింది, పుస్తకం తెరిచింది, మొదటి వాక్యం చదివింది, బాగానే చదివింది, రెండో వాక్యంలో ఎవరో రాజు పేరు, పొడుగాటి పేరు, పొయ్యి ముందు ఇరవైసార్లు పలికిన పేరే, గొంతులోనే ఆగిపోయింది. పెదాలు తెరిచే ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది, దాని ఒక రెక్క చివర టక్ టక్‌మని కొట్టుకునేది, మైకు ఆ టక్ టక్‌ని గుడంతా వినిపించింది. ఎంతసేపు? ఆమెకు తెలుసు ఎంతసేపో. చంటిపిల్ల ఒకతి దగ్గింది, తల్లి ఆ పిల్ల నోరు మూసింది. అప్పుడు మూడో బల్ల నుంచి ఎవరో లేచి వచ్చారు. పుస్తకం లాక్కోలేదు, పక్కన నిలబడి, వేలు ఆ పేరు కింద పెట్టి, అక్కడి నుంచి చదివింది, ఇంకో చెయ్యి ఆమె వీపు మీద వేసి. ఆ గొంతు. నీళ్ళు గచ్చు మీద పారినట్టు, తొందర లేదు, ఎక్కడా అడ్డు లేదు. ఎంత చక్కగా ఆదుకుందండీ తోడికోడలు, అన్నారు బయట అందరూ. అక్కకి నీరసం, ఉదయం నుంచి ఏం తినలేదు, అని అబద్ధం కూడా చెప్పిపెట్టింది ఆ పిల్ల. ఆ చెయ్యి ఇప్పటికీ వీపు మీద ఉంది. వేడినీళ్ళు పోసుకున్నా పోలేదు.

ఆ తర్వాతి వారం ఆయన స్పానర్ తెచ్చి మైకు స్టాండు కిందికి దించాడు. గుడి కరెంటు పనులన్నీ ఆయనవే. 'మా మరదలు పొట్టిది కదా,' అన్నాడు, మరలు బిగిస్తూ. భార్య పొడుగుదని అనలేదు. ఆ మర ఆ ఎత్తులోనే తుప్పు పట్టింది. మా మరదలు చదివితే దేవుడు మనింటికొచ్చి మాట్లాడినట్టుంటుంది, అని ఇంకోరోజు అన్నాడు, సబ్బుతో చేతులు కడుక్కుంటూ, ఏదో కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా, ఆమె తువ్వాలు అందించింది. అందించకుండా కాసేపు పట్టుకుంది కూడా. ఆయన గమనించలేదు.

అమ్మ కూడా అలాగే తువ్వాలు పట్టుకుని నిలబడేది. ఇది ఎందుకు గుర్తొస్తోంది. ఎండ ఇంకో రెండు వేళ్ళు జరిగింది. ఆమెకు అప్పుడు ఎనిమిదేళ్ళు. గుడిలో భాష మారిన ఏడాది. అంతకుముందు నాన్న ఫాదర్ గారి వెనక మోకరించి లాటినులో జవాబులు చెప్పేవాడు, అందరికీ వీపు చూపించి, ఒక్కటి కూడా తప్పకుండా, ఒక్కటి కూడా అర్థం కాకుండా. నాన్న మెడ వెనక చెమట, తెల్ల చొక్కా కాలరు మీద, అదే ఆమెకు తెలిసిన లాటిను. తర్వాత ఒకరోజు పీఠం ఇటు తిరిగింది, పుస్తకం ఇంటి భాషలో వచ్చింది, ఉపదేశి జనం వైపు తిరిగి గట్టిగా చదవాలన్నారు. నాన్నకి అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదివేవాడు, ఒక్కో మాట ఒక్కో ఇటుకలాగా పెట్టేవాడు, అందరూ విసుక్కున్నారు. లాటినే నయం, అర్థం కాకపోయినా ఆగకుండా వెళ్ళేవాడు, అన్నారు. అప్పుడు నాన్న సాయంత్రాలు బడి వెనకున్న ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అవతలి చర్చి టీచరమ్మ ఇల్లు. పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి ఆమె చేతికిచ్చేవాడు, చిన్నపిల్ల చేతిలో ఏముందో ఎవరూ అడగరని. టీచరమ్మ వరండాలో కుర్చీ వేసేది, నాన్న కూర్చునేవాడు కాదు, నిలబడే చదివేవాడు, నలభై ఏళ్ళ మనిషి, బడిపిల్లాడిలా చేతులు దగ్గరగా పెట్టుకుని. 'నాకు చదవకండి, ఉపదేశి గారూ. చివరి బల్ల మీద కూర్చుందే, చెవులు సరిగ్గా వినపడని ముసలామె, ఆమెకి చెప్పండి. ఊపిరి కామా దగ్గర. చుక్క దగ్గర ఆగి ఆమె మొహం చూడండి.' ఏదీ దాచుకోలేదు ఆవిడ. మా వాళ్ళు వంద ఏళ్ళు కష్టపడి నేర్చుకున్నదండీ ఇది, మీకెందుకు చెప్పాలి అనలేదు. ఒక్క మాట కూడా దాచుకోలేదు.

ఇంటికి వస్తే అమ్మ తువ్వాలుతో నిలబడి ఉండేది. "గొంతు విని వచ్చారుగా, కడుపు నిండే ఉంటుంది. అన్నం పెట్టమంటారా, అక్కర్లేదా?" అనేది. నాన్న నవ్వేసేవాడు. అమ్మ నవ్వేది కాదు. కంచం పెట్టే చప్పుడులో తెలిసేది. ఆ తర్వాత నాన్న చదివితే గుడి గాలి ఆగి వినేది, ఉపదేశి గారి చదువు, ఉపదేశి గారి చదువు అని కంపౌండరు ఇప్పటికీ చెబుతాడు, పాత రోజులండీ, స్వచ్ఛమైన రోజులు, ఏ కల్తీ లేదు అంటాడు. తువ్వాల్లో చుట్టిన పుస్తకం మోసిన పిల్ల ఒక్కతే ఉంది ఈ భూమ్మీద, ఆ సంగతి తెలిసినది. కంపౌండరు అలా అన్న ప్రతిసారీ ఆమె తల ఊపింది.

ఊపక ఏం చేస్తుంది. పోయినవి నిజంగానే పోయాయి కదా. కటకటాలు పోయాయి. పీఠం ముందు గోధుమరంగు చెక్క కటకటాలు, వాటిమీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే ఒక తెల్లగుడ్డ, అమ్మా తనూ చెరో కొస పట్టుకుని గుంజి మడిచేవాళ్ళు, గుంజినప్పుడల్లా గుడ్డ మధ్యలో గాలి కొట్టుకుని ఫట్‌మనేది, ఇద్దరూ నవ్వేవాళ్ళు. అమ్మ నవ్వింది అక్కడే. ఒకరోజు కటకటాలు ఊడదీసి వరండాలో పడేశారు, జనానికీ పీఠానికీ అడ్డుగోడ ఎందుకన్నారు. అది అడ్డుగోడ కాదు స్వామీ, ఆనుకునే చోటు, అని అమ్మ అప్పటి ఫాదర్ గారితో అనలేదు, ఇంటికొచ్చి పొయ్యితో అంది. పొడుగాటి గుడ్డకి పని లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి బీరువాలో పసుపు పట్టింది. అమ్మ పోయాక ఆమె దాన్ని కత్తిరించి పాత్ర తుడిచే గుడ్డలు చేసింది, పద్దెనిమిది వచ్చాయి, అంచుకి అమ్మ కుట్టిన సన్నని గొలుసు కుట్టు చెడకుండా జాగ్రత్తగా కత్తిరించింది. సొరుగులో నీలం పట్టింది ఆ పద్దెనిమిదిలో ఒకటి. అందుకే చూడగానే కళ్ళు మండాయి. అందుకే. అందుకేనా?

చేతికింద గుడ్డ ఎర్రబడబోయింది, చప్పున పెట్టె ఎత్తింది. కాలిన వాసన రాలేదు ఇంకా.

జ్వరం వచ్చిన రోజు. పది రోజులయింది. నూట మూడు. చిన్నకోడలు పాలు కాచి తెచ్చింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది, గుడి గుడ్డల మూట ఎక్కడుందక్కా, నేను చూసుకుంటాలే అంది. మంచం కిందే ఉంది మూట. ఆమె వేలితో చూపించింది. ఉతికి పెట్టు, అంది. అంతే అంది. పిల్ల గుమ్మం దాకా వెళ్ళింది, మూట చంకలో పెట్టుకుని, అక్కడ ఆగింది కూడా, వెనక్కి తిరిగి చూసింది కూడా, ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు. నోటిలో మాట ఉంది. మొదటి నీళ్ళు గోడ తొట్టిలో. నాలుగు మాటలు. జ్వరానికి నోరు ఎండిపోయింది, అందుకే రాలేదు, అని పది రోజులుగా తనకు తను చెప్పుకుంటోంది. పిల్ల వెళ్ళిపోయాక మంచినీళ్ళు కావాలని ఆయన్ని కేకేసింది. ఆ కేక వచ్చింది. గట్టిగానే వచ్చింది.

తెలుసు తనకి. ఆ పిల్ల పుట్టిపెరిగిన చోట అది జ్ఞాపకం కోసం తాగే ద్రాక్షరసం, పని అయిపోయాక గిన్నెలు కడిగినట్టు కడిగేస్తారు, మొదటి నీళ్ళూ రెండో నీళ్ళూ అన్న సంగతే ఉండదు. ఇరవై ఏళ్ళు ఈ గుడిలో ఉన్నా ఈ గదిలోకి ఆమె రానిచ్చిందెప్పుడు. అందరికీ చదివి వినిపించే పని దానిది, ఇది ఒక్కటి నాది అని తలుపు దగ్గరే నిలబెట్టేది కదా. తప్పులో పడుతుందని తెలుసు. పడనీ అనుకుంది. గుడ్డలు తిరిగొచ్చిన రోజు నీలం చూసి ముందు కళ్ళు మండాయి, నిజమే, కానీ ఆ మంట వెనకాలే ఇంకోటి వచ్చింది, చల్లగా, తియ్యగా, ఎండలోంచి వచ్చి కుండలో చెయ్యి పెట్టినట్టు. ఆ సాయంత్రమే కంపౌండరు భార్య దగ్గర సగం మాట జారవిడిచింది. ఏం చెప్పమంటారు వదినగారూ, కొన్ని చూడకపోతేనే మంచిది, అంది. అంతకంటే చెప్పలేదు. అంత చాలు కంపౌండరుకి. విన్నపంలో ఆరు అంశాలే ఉండేవి మొదట. ఏడోది తర్వాత చేరింది. కింద మొదటి సంతకం ఆమెదే, ఉపదేశి గారి కూతురని ముందు చోటిచ్చారు.

ఎండ తీగను తాకింది. తలుపు తెరుచుకుంది.

"రండమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. సొరుగు లాగింది. గుడ్డని పిడికిట్లో పెట్టుకుంది, పెట్టుకున్నానని తెలిసేసరికి గుమ్మం దాటింది. గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. కిటికీ దగ్గర చిన్నకోడలు, ఒళ్ళో రేపటి పఠనాల పుస్తకం, మధ్యలో వేలు పెట్టి ఉంది.

"మీరు ఉపదేశి గారి కూతురు," అన్నాడు కంపౌండరు, కళ్ళజోడు సర్దుకుంటూ. "మీ మాటంటే మాకు గురి. పీఠం గుడ్డల విషయంలో ఏదో అపచారం జరిగిందని విన్నాం. ఎవరి చేతుల మీద జరిగిందో చెప్పండి చాలు. ఎందుకడుగుతున్నానంటే ఫాదర్, మనం మాటలు మార్చుకుంటే నమ్మకం కూడా మారుతుందని నేను మొత్తుకుంటున్నాను కదా, దానికి ఇదే రుజువు."

ఆమె పిడికిలి విప్పింది. నీలం బయటపడింది. ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఒక్కరికి తప్ప.

"అది నేను ఉతికింది," అంటూ చిన్నకోడలు లేచి నిలబడింది. "అక్కకి జ్వరమొస్తే నేనే తీసుకెళ్ళి, మా ఆయన బట్టలతో..."

అక్కడ ఆగిపోయింది. పెదాలు తెరిచే ఉన్నాయి. ఆ గొంతు, ఎక్కడా అడ్డులేని గొంతు, అడ్డం పడింది. ఏం తప్పు చేసిందో దానికి ఇప్పటికీ తెలియదు, అందరి మొహాలూ చూసి ఏదో పెద్దదే అని మాత్రం తెలిసింది. పుస్తకంలోంచి వేలు జారిపోయింది. ఈ గదిలో ఫ్యాను చప్పుడు చెయ్యదు, గోడ గడియారం చేస్తోంది. ఈ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఎంత పొడుగో తెలుసు, లోపల ఎక్కడ ఏం ఉంటుందో తెలుసు, ఇంటి గదులు తెలిసినట్టు. ఆమె తొందరపడలేదు. ఇన్నాళ్ళూ తను ఒక్కతే ఉంది ఇందులో. ఉండనీ, ఇదీ చూడనీ, కాసేపు. గడియారం కొట్టుకుంది. పిల్ల కళ్ళు ఆమె కోసం వెతికాయి, కోపంగా కాదు, అక్కా అన్నట్టు, గుమ్మం దగ్గర మూట చంకలో పెట్టుకుని తిరిగి చూసినప్పుడు ఎలా చూసిందో అచ్చం అలాగే.

"నేను చెప్పలేదు," అంది ఆమె.

గొంతు బయటికి వచ్చింది. మైకు లేకుండానే ఆ మూల దాకా వెళ్ళింది.

"మొదటి నీళ్ళు తొట్టిలో పొయ్యాలని తనకి చెప్పలేదు. మర్చిపోయి కాదు. అడిగితే చెబుదామనుకున్నాను. అడక్కపోతే తప్పులో పడుతుందని కూడా అనుకున్నాను. పడాలనే అనుకున్నాను." ఊపిరి తీసుకుంది. "ఇందులో ఏ చర్చి తప్పూ లేదు. నా తప్పు."

కంపౌండరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"మరి ఈ కాగితం..." అన్నాడు.

"ఏడోది కొట్టెయ్యండి. మిగతావాటి కింద నా సంతకం అలాగే ఉండనివ్వండి. ఆ కటకటాలు నాకు కావాలి."

"పాఠం కాదు, ఇదేదో పరీక్షే పెట్టింది మనకి," అని లెక్కల మాస్టారు గొణిగాడు. ఫాదర్ గారు మాత్రం ఆమెనే చూస్తూ, "కటకటాల సంగతి కూర్చుని మాట్లాడదామమ్మా. నిజంగానే మాట్లాడదాం," అన్నాడు. తర్వాత గుడ్డ వైపు చూసి, "దాన్ని ఏం చేస్తారు?" అని అడిగాడు.

"పనికొస్తుంది," అంది ఆమె. "మా అమ్మ కుట్టు చెడలేదు."

వస్త్రాల గదిలో ఎండ బల్ల దిగి గోడెక్కింది. చిన్నకోడలు గుమ్మం దగ్గరే ఆగింది, అలవాటుగా. లోపలికి రా, అంటే వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే అక్క చూస్తుందని కాబోలు. నిన్నటి పూజ గుడ్డలు ఇంకా మూటలోనే ఉన్నాయి. ఆమె గిన్నెలో నీళ్ళు పట్టింది, గుడ్డలు ఒక్కొక్కటే వేసింది, తడిసి బరువెక్కి మునిగాయి, నీళ్ళకి లేత గులాబీ రంగు వచ్చింది. ఇద్దరూ వంగి చూశారు. పిల్ల తల వెంట్రుకలు ఆమె చెంపకి తగిలాయి. దూరం జరగాలనిపించింది. జరగలేదు.

"మా నాన్నకి చదవడం నేర్పింది మీ చర్చి టీచరమ్మే," అంది ఆమె, నీళ్ళలోకే చూస్తూ. "ఎవరికీ తెలీదు."

చిన్నకోడలు తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, ఈ ముక్క కంపౌండరు గారి చెవిన వెయ్యకు. ఎనిమిదో అంశం రాస్తాడు," అంది.

ఆమెకు నవ్వొచ్చింది. రాకూడదనుకుంది, వచ్చింది. అసూయ పోయిందేమో అని లోపల తడిమి చూసుకుంది, ఉంది, ఎక్కడికీ పోలేదు, ఆ చెయ్యి కూడా వీపు మీదే ఉంది. కాకపోతే కొంచెం తేలికగా ఉంది, ఎవరిదో తెలిసిన చెయ్యిలా. గోడ తొట్టి మూత తీసింది. గిన్నె పిల్ల చేతికిచ్చింది.

"మొదటి నీళ్ళు ఇందులో. మురుగులోకి పోకూడదు. మట్టిలోకే పోవాలి. ఆ తర్వాతే సబ్బు."

"మొదటి నీళ్ళు ఇందులో," అంది చిన్నకోడలు, గుర్తుపెట్టుకోవడానికి, ఒక్కో మాటా విడివిడిగా, చివరి బల్ల మీద చెవులు వినపడని ముసలామెకు చెబుతున్నట్టు, "మురుగులోకి పోకూడదు. మట్టిలోకే పోవాలి." ఆ చిన్న గది ఆ గొంతుతో నిండిపోయింది. అబ్బ, ఏం గొంతు. దీనికెందుకిచ్చావు దేవుడా, నాకెందుకివ్వలేదు.

"చదవక్కర్లేదులే," అంది ఆమె. "పొయ్యి."

పిల్ల గిన్నె వంచింది. గొట్టంలో నీళ్ళు దిగుతున్న చప్పుడు, గోడ లోపల, కిందికి, ఇంకా కిందికి. ఇద్దరూ ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు.